జీటీకే3 విండోలకు పాత తీరు తిరిగి తేవడం: సెట్టింగులు, మాడ్యూళ్లు, అవి పనిచేయని చోట్లు

మా బాబాయి లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ఆయన పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసి, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ పెట్టి, పీడీఎఫ్‌లు చదువుకోవడానికి ఎవిన్స్ కూడా వేసిచ్చాను. వారం తిరక్కుండానే ఫోన్. "ఒరేయ్, ఇందులో ఫైల్ అనేది ఎక్కడ దాచారురా?"

ఎవరూ దాచలేదు, తీసేశారు. టైటిల్ బార్, మెనూ బార్, టూల్ బార్ అని మూడు వరసలుగా ఉండేదాన్ని ఒకే లావు పట్టీగా కలిపేసి, మెనూ మొత్తాన్ని మూడు గీతల బటన్ కిందికి తోసేశారు. ఆ పట్టీ పేరు హెడర్ బార్. అప్లికేషన్ల బటన్లు, మెనూలు, విండోలు గీసిపెట్టే టూల్‌కిట్ పేరు జీటీకే. 2013 సెప్టెంబరులో వచ్చిన జీటీకే 3.10తో ఇది మొదలైంది. అంతకుముందు విండో చుట్టూ ఉండే చట్రాన్ని విండో మేనేజర్ (డెస్క్‌టాప్‌లో విండోలను అమర్చే ప్రోగ్రాం) గీసేది. ఇప్పుడు హెడర్ బార్ వాడే అప్లికేషన్ తన చట్రం తనే గీసుకుంటుంది. దీన్ని క్లయింట్ సైడ్ డెకరేషన్ అంటారు, పొట్టిగా సీఎస్‌డీ.

మెనూ సంగతి అలా ఉంచండి, నాకు పోయిన సుఖాలు వేరే ఉన్నాయి. ఎక్స్‌ఎఫ్‌సీఈలో టైటిల్ బార్ మీద మౌస్ చక్రం తిప్పితే విండో చాపలా చుట్టుకుపోతుంది. మధ్య బటన్ నొక్కితే మిగతా విండోల వెనక్కి వెళ్తుంది. అప్లికేషన్ తన పట్టీ తనే గీసుకున్న చోట ఇవి నమ్మకంగా పనిచేయవు. దానికి తోడు స్క్రోల్ బార్ దారాలా సన్నబడింది, దాని చివరి బాణాలు మాయమయ్యాయి, మెనూల్లో బొమ్మలు పోయాయి. ఫైల్ తెరిచే డైలాగ్‌లో ఒక అక్షరం కొడితే ఆ అక్షరంతో మొదలయ్యే ఫైల్ దగ్గరకు పోయేది కాస్తా ఇప్పుడు ఫోల్డర్లన్నీ వెతకడం మొదలుపెడుతుంది.

వీటిలో చాలావరకు వెనక్కి తెచ్చుకోవచ్చు. డెబియన్, ఉబుంటు, మింట్ లాంటి వాటిలో ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎక్స్11 సెషన్ (విండోలను తెర మీద చూపించే పాత పద్ధతి, కొత్తదాని పేరు వేలాండ్) వాడేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఒక్క సూచన: పేర్లన్నీ తెలుగు అక్షరాల్లోనే రాశాను. మీరు టైప్ చేసేది ఇంగ్లిష్‌లో, అన్నీ చిన్న అక్షరాలతో, మధ్యలో ఖాళీ లేకుండా, గీత ఉన్న చోట హైఫన్‌తో. పెద్ద అక్షరాలు కావలసిన చోట విడిగా చెప్తాను.

నాలుగు రకాల మందులు

ఇంటర్నెట్‌లో వీటన్నిటినీ కలిపి మాడ్యూల్ అనేస్తారు. అక్కడే సగం గందరగోళం.

మొదటిది సెట్టింగ్. జీటీకేలోనే ఉన్న స్విచ్, మనం వేస్తాం లేదా తీస్తాం. రెండోది అసలైన మాడ్యూల్. ఇది చిన్న లైబ్రరీ. జీటీకే3 అప్లికేషన్ తెరుచుకునేటప్పుడు జీటీకే మాడ్యూల్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (ప్రోగ్రాంలు తెరుచుకునేటప్పుడు చదువుకునే పేరు, విలువల జత) ఏయే పేర్లున్నాయో చూసి, ఆ లైబ్రరీలను లోపలికి పిలుచుకుంటుంది. మూడోది ప్రీలోడ్. జీటీకే పిలవకపోయినా దానికంటే ముందే ప్రోగ్రాంలోకి దూరి, కొన్ని ఫంక్షన్లను మధ్యలోనే పట్టుకుని మారుస్తుంది. నాలుగోది ప్యాచ్, అంటే జీటీకేనే మార్చి మళ్లీ కంపైల్ చేయడం.

ఈ వరసలోనే వెళ్లండి. సెట్టింగ్‌తో అయ్యే పనికి ప్రీలోడ్ పెట్టడం తలనొప్పికి ఆపరేషన్ చేయించుకున్నట్టే.

తెలుగు టైప్ చేసేవాళ్లకు మాడ్యూల్ కొత్త సంగతేమీ కాదు. ఐబస్‌తో టైప్ చేస్తున్నారంటే జీటీకే ఐఎం మాడ్యూల్ అనే వేరియబుల్ పేరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. అది కీబోర్డు ఇన్‌పుట్ కోసం ఉన్న వేరే తలుపు. కింద చెప్పేవేవీ దాన్ని ముట్టుకోవు. ఏదైనా ఫైల్‌లో ఆ వరస కనబడితే మాత్రం చెరపకండి, తెలుగు టైపింగ్ ఆగిపోతుంది.

మొదటి అడుగు: ఏ అప్లికేషన్ ఏ జీటీకేతో నడుస్తోంది

ప్యాకేజీలు వేసుకునే ప్రోగ్రాం సినాప్టిక్ తెరవండి. మీకు చిరాకు పుట్టిస్తున్న అప్లికేషన్ పేరు వెతికి, దాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో డిపెండెన్సీస్ ట్యాబ్ చూడండి. లిబ్‌జీటీకే-3-0 అని ఉంటే (కొత్త వెర్షన్లలో చివర టీ64 అని తోక ఉంటుంది) ఈ వ్యాసం మీ కోసమే. లిబ్‌జీటీకే-4-1 గానీ లిబ్‌అద్వైతా గానీ కనబడితే ఆశ తగ్గించుకుని నేరుగా చివరి భాగానికి వెళ్లండి. అప్లికేషన్‌ను ఫ్లాట్‌ప్యాక్‌గానో స్నాప్‌గానో వేసుకుని ఉంటే దాని లైబ్రరీలు దాని పెట్టెలోనే ఉంటాయి. బయట మీరు వేసే మాడ్యూల్ దానికి కనబడదు. అలాంటప్పుడు అదే అప్లికేషన్‌ను మామూలు ప్యాకేజీగా మళ్లీ వేసుకోవడం ఒక్కటే తేలిక దారి.

పని మొదలుపెట్టే ముందు యూజర్స్ అండ్ గ్రూప్స్‌లో ఇంకో యూజర్‌ను సృష్టించండి. సెట్టింగులు, సీఎస్ఎస్ (రూపం ఎలా ఉండాలో రాసే ఫైల్) ముందు అందులో వేసి చూడండి. ప్యాకేజీలు మాత్రం మెషీన్ మొత్తానికీ పడతాయని గుర్తుంచుకోండి. నేను మొదటిసారి ఈ జాగ్రత్త తీసుకోలేదు. ఒక తప్పు వరసతో లాగిన్ అయిన వెంటనే మళ్లీ లాగిన్ స్క్రీన్‌కే వచ్చి పడుతుంటే అర్ధరాత్రి ఒక గంట టెన్షన్ పడ్డాను.

రెండో అడుగు: ఇంట్లో ఉన్న స్విచ్‌లు

సెట్టింగ్స్ మేనేజర్‌లో అపియరెన్స్ తెరిచి, సెట్టింగ్స్ అనే ట్యాబ్‌కు వెళ్లండి. షో ఇమేజెస్ ఆన్ బటన్స్, షో ఇమేజెస్ ఇన్ మెనూస్ రెండింటికీ టిక్ పెట్టండి. 3.10 నుంచి జీటీకే వీటిని వద్దంటూ వస్తోంది, కానీ జీటీకే3లో ఇంకా తీసేయలేదు. ఎనేబుల్ ఎడిటబుల్ యాక్సిలరేటర్స్ కూడా కనబడితే టిక్ పెట్టి చూడండి. మెనూలో ఏదైనా అంశం మీద మౌస్ ఉంచి మీకు నచ్చిన కీ నొక్కితే అదే దాని షార్ట్‌కట్ అయిపోతుంది. పాత జీటీకేలో నాకు అన్నిటికన్నా నచ్చిన సౌకర్యం ఇదే. అన్ని అప్లికేషన్లూ దీన్ని ఒప్పుకోవు, పాతకాలపు పద్ధతిలో మెనూ కట్టినవే ఒప్పుకుంటాయి.

అదే ట్యాబ్‌లో, ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.18 నుంచి డైలాగుల్లో హెడర్ బార్ కావాలా వద్దా అని చెప్పే స్విచ్ కూడా ఉంటుంది. దాన్ని ఆపేయండి. 2020 డిసెంబరులో వచ్చిన 4.16లో ఎక్స్‌ఎఫ్‌సీఈ వాళ్లే తమ డైలాగులకు హెడర్ బార్ తగిలించారు. వాడేవాళ్లలో చాలామందికి అది రుచించలేదు. మీది 4.16 అయితే సెట్టింగ్స్ ఎడిటర్ తెరిచి, ఎడమవైపు ఎక్స్‌సెట్టింగ్స్ ఎంచుకుని, జీటీకే కింద డైలాగ్స్‌యూజ్‌హెడర్ అనేదాన్ని ఆఫ్ చేయండి. ఓకే, క్యాన్సిల్ బటన్లు డైలాగ్ పైనుంచి మళ్లీ కిందికి దిగివస్తాయి.

ఇక స్క్రోల్ బార్. ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్, హెచ్ నొక్కితే దాగి ఉన్న ఫోల్డర్లు కనబడతాయి. డాట్ కాన్ఫిగ్‌లో జీటీకే-3.0 అనే ఫోల్డర్ ఉంటుంది, లేకపోతే సృష్టించండి. అందులో సెట్టింగ్స్ డాట్ ఐఎన్‌ఐ అనే ఫైల్ కావాలి. దాని మొదటి వరసలో చదరపు బ్రాకెట్ల మధ్య సెట్టింగ్స్ అనే మాట, మొదటి అక్షరం పెద్దది. దాని కింద ఈ మూడు వరసలు:

జీటీకే-ప్రైమరీ-బటన్-వార్ప్స్-స్లైడర్=ఫాల్స్
జీటీకే-ఓవర్‌లే-స్క్రోలింగ్=ఫాల్స్
జీటీకే-ఆటో-నెమోనిక్స్=ఫాల్స్

మొదటి వరసతో స్క్రోల్ బార్‌లో ఖాళీ చోట క్లిక్ చేస్తే ఒక్కో పేజీ కదులుతుంది. జీటీకే3కి అలవాటైన తీరులో క్లిక్ చేసిన చోటికి ఎగిరి దూకుతుంది. మూడు వందల పేజీల పీడీఎఫ్ చదివేవాళ్లకు ఆ దూకుడు ఎంత చిరాకో చెప్పక్కర్లేదు. (ఏమీ మార్చకుండానే రైట్ క్లిక్‌తో పేజీ చొప్పున కదిలించవచ్చు. ఈ సంగతి నాకు చాలా ఏళ్లు తెలియదు.) రెండో వరసతో, మౌస్ దగ్గరకొస్తేనే లావయ్యే సన్నని స్క్రోల్ బార్ పోయి, ఎప్పుడూ కనబడే బార్ వస్తుంది. ఈ సెట్టింగ్ 3.24.9 నుంచే ఉంది. అంతకన్నా పాతదైతే, హోం ఫోల్డర్‌లో డాట్ ఎక్స్‌సెషన్‌ఆర్‌సీ అనే ఫైల్‌లో ఎక్స్‌పోర్ట్ అని రాసి, ఒక ఖాళీ వదిలి, పెద్ద అక్షరాల్లో జీటీకే_ఓవర్‌లే_స్క్రోలింగ్=0 అని పెట్టాలి.

మూడో వరసతో, ఆల్ట్ కీ నొక్కకముందే మెనూ పేర్లలో షార్ట్‌కట్ అక్షరం కింద గీత కనబడుతుంది. మెనూలు తెలుగులో పెట్టుకున్నవాళ్లకు ఇది ఇంకా ఉపయోగం. తెలుగు అనువాదాల్లో మెనూ పేరు పక్కన బ్రాకెట్లో ఒక ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది కదా, ఆ అక్షరం అక్కడెందుకుందో గీత కనబడితేనే అర్థమవుతుంది.

ఫైల్‌లో మార్చినా ఏ మార్పూ కనబడకపోతే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఎక్స్‌ఎఫ్‌సీఈ తన ఎక్స్‌సెట్టింగ్స్ ద్వారా పంపే విలువ, ఫైల్‌లోని విలువను తోసేస్తుంది. అంటే థీమ్, ఫాంట్, మెనూ బొమ్మల లాంటివి ఈ ఫైల్‌లో రాయడం దండగ. అవి సెట్టింగ్స్ మేనేజర్‌లోనే మార్చాలి.

బాణాల కోసం అదే ఫోల్డర్‌లో జీటీకే డాట్ సీఎస్ఎస్ అనే ఫైల్ రాయాలి. స్క్రోల్‌బార్ అనే మాట, మీసాల బ్రాకెట్ల మధ్య రెండు గుణాలు: -జీటీకేస్క్రోల్‌బార్-హ్యాజ్-బ్యాక్‌వర్డ్-స్టెప్పర్ ఒకటి, -జీటీకేస్క్రోల్‌బార్-హ్యాజ్-ఫార్వర్డ్-స్టెప్పర్ ఇంకొకటి. ఈ రెండిట్లో జీ, ఎస్ మాత్రమే పెద్ద అక్షరాలు, ముందు హైఫన్ తప్పనిసరి. ఒక్కోదాని తర్వాత కోలన్, ట్రూ, సెమీకోలన్. ఇంత చేసినా కొన్ని థీమ్‌లలో బాణం బొమ్మ లేక ఉత్త ఖాళీ గడి కనబడుతుంది. తప్పు మీది కాదు, ఆ థీమ్ గీసినవాళ్లు బాణం గీయలేదు. చికాగో95 లాంటి పాతకాలపు థీమ్‌లో అయితే బాణాలు ముందే ఉంటాయి.

మూడో అడుగు: నిజమైన మాడ్యూళ్లు

తేలికైనదానితో మొదలుపెడదాం. టెర్మినల్ నుంచి ఏదైనా అప్లికేషన్ తెరిస్తే కాన్‌బెర్రా-జీటీకే-మాడ్యూల్ దొరకలేదని ఒక హెచ్చరిక రావడం చాలామంది చూసే ఉంటారు. భయపడాల్సిందేం లేదు. బటన్ నొక్కినప్పుడు, మెనూ తెరిచినప్పుడు చిన్న శబ్దం చేసే మాడ్యూల్ అది. సినాప్టిక్‌లో లిబ్‌కాన్‌బెర్రా-జీటీకే3-మాడ్యూల్ వేసుకుని, లాగౌట్ అయి తిరిగి వచ్చి, అపియరెన్స్‌లో ఈవెంట్ సౌండ్స్, ఇన్‌పుట్ ఫీడ్‌బ్యాక్ సౌండ్స్ రెండూ ఆన్ చేయండి. మా బాబాయికి ఇది తెగ నచ్చింది, నొక్కిన బటన్ నిజంగా పడిందో లేదో చెవికి తెలుస్తోందట. నేనైతే పది నిమిషాల్లో ఆపేశాను.

రెండోది యాప్‌మెనూ. ఇది ఎవరికి పాతది, ఎవరికి కొత్తది అన్నది వేరే చర్చ. ఒకప్పటి విండోస్ నుంచి వచ్చినవాళ్లకు మెనూ ప్రతి విండోలోనూ ఉండాలి. 1984 మ్యాకింటాష్ నుంచి ఇప్పటిదాకా ఆపిల్ వాళ్లకు స్క్రీన్ పైఅంచులో ఒకే మెనూ. 2011లో 11.04తో ఉబుంటు కూడా యూనిటీ డెస్క్‌టాప్‌లో ఆ రెండో దారే పట్టింది. యూనిటీ అలవాటు వదలనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు, ఈ మాడ్యూల్ వాళ్లకే.

కావలసిన ప్యాకేజీలు మూడు: యాప్‌మెనూ-జీటీకే3-మాడ్యూల్, యాప్‌మెనూ-రిజిస్ట్రార్, ఎక్స్‌ఎఫ్‌సీఈ4-యాప్‌మెనూ-ప్లగిన్. మొదటిది అప్లికేషన్ లోపల కూర్చుని దాని మెనూను పట్టుకుంటుంది. రెండోది ఏ విండోకు ఏ మెనూ అన్న చిట్టా రాసుకుంటుంది. మూడోది దాన్ని ప్యానెల్ మీద చూపిస్తుంది. వేశాక సెట్టింగ్స్ ఎడిటర్‌లో ఎక్స్‌సెట్టింగ్స్ తెరిచి మూడు అంశాలు చేర్చాలి. ఇక్కడ పెద్ద, చిన్న అక్షరాల తేడా ముఖ్యం, ఒక్కో మాట మొదటి అక్షరం పెద్దది. స్లాష్ జీటీకే స్లాష్ షెల్‌షోస్‌మెనూబార్ (ఇందులో బార్‌లోని బీ చిన్నదే), రకం బూలియన్, విలువ ఆన్. స్లాష్ జీటీకే స్లాష్ షెల్‌షోస్‌యాప్‌మెనూ కూడా అంతే, కాకపోతే ఇందులో చివరి మెనూలోని ఎం చిన్నదే. స్లాష్ జీటీకే స్లాష్ మాడ్యూల్స్, రకం స్ట్రింగ్, విలువ యాప్‌మెనూ-జీటీకే-మాడ్యూల్. ప్యాకేజీ పేరులో 3 ఉంది, మాడ్యూల్ పేరులో లేదు, జాగ్రత్త. మాడ్యూల్స్ దగ్గర ముందే ఏదైనా పేరుంటే దాన్ని చెరపకుండా కోలన్ పెట్టి పక్కన రాయండి. తర్వాత ప్యానెల్ మీద రైట్ క్లిక్ చేసి ప్లగిన్ చేర్చి, లాగౌట్ అయి రండి.

ఈ మాడ్యూల్ నిజంగా ఉన్న మెనూ బార్‌నే మోసుకెళ్లగలదు. ప్రోగ్రామర్ మెనూ బార్ తీసేసి మూడు గీతల బటన్ పెట్టి ఉంటే ప్యానెల్ మీద మామూలు ఫైల్, ఎడిట్ వరస రాదు. లేనిదాన్ని ఏ మాడ్యూలూ పుట్టించలేదు.

నాలుగో అడుగు: టైటిల్ బార్ కోసం ప్రీలోడ్

సెట్టింగ్‌తో గానీ మాడ్యూల్‌తో గానీ అప్లికేషన్ విండోల హెడర్ బార్ పోదు. దానికోసం ఎల్‌ఎక్స్‌డీఈ డెస్క్‌టాప్ మొదలుపెట్టిన పీసీమ్యాన్ రాసిన జీటీకే3-నోసీఎస్‌డీ అనే చిన్న లైబ్రరీ ఉంది. అప్లికేషన్ జీటీకేను "నా టైటిల్ బార్ నేనే పెట్టుకుంటా" అని అడిగే చోట అడ్డుపడి, ఆ పట్టీని మామూలు టూల్ బార్‌లా విండో లోపలే కూర్చోబెడుతుంది. దాంతో విండో మేనేజర్ తన టైటిల్ బార్ తను గీస్తుంది. చక్రం తిప్పితే చుట్టుకోవడం, మధ్య బటన్‌తో వెనక్కి పంపడం అన్నీ తిరిగి వస్తాయి.

సినాప్టిక్‌లో ఆ పేరుతో వెతికి వేసుకుని, లాగౌట్ అయి రండి. అంతే. ప్యాకేజీయే సెషన్ మొదలయ్యేటప్పుడు ఎల్‌డీ ప్రీలోడ్ అనే వేరియబుల్‌లో తన పేరు, జీటీకే సీఎస్‌డీ అనే వేరియబుల్‌లో 0 పెట్టుకుంటుంది. ఎవిన్స్ తెరిచి చూడండి, పైన ఎక్స్‌ఎఫ్‌సీఈ టైటిల్ బార్, దాని కింద పాత హెడర్ బార్ రెండూ కనబడతాయి.

అవును, రెండూ. నిలువు జాగా కొంచెం పోతుంది. చిన్న తెర ల్యాప్‌టాప్‌లో ఇది కంటికి గుచ్చుతుంది. ఏదైనా ఒక అప్లికేషన్‌ను వదిలేయాలంటే మెనూలిబ్రే అనే మెనూ ఎడిటర్‌లో దాని కమాండ్ ముందు ఎన్వ్ అని, ఖాళీ, పెద్ద అక్షరాల్లో జీటీకే_సీఎస్‌డీ=1 అని, మళ్లీ ఖాళీ వదిలి సేవ్ చేయండి.

లాగిన్ స్క్రీన్‌లో వేలాండ్ సెషన్ ఎంచుకుంటే ఇది పనికిరాదు. తీసేశాక టెర్మినల్‌లో ఎల్‌డీ డాట్ ఎస్ఓ ఫలానా లైబ్రరీని ప్రీలోడ్ చేయలేకపోయిందని వరసలు వస్తుంటే కంగారు వద్దు, పాత సెషన్ ఇంకా ఆ పేరు మోస్తోంది, లాగౌట్ అయితే పోతుంది. లాగౌట్ అయినా వస్తుంటే డాట్ ఎక్స్‌సెషన్‌ఆర్‌సీలో మీరు చేత్తో రాసిన వరస ఉందేమో చూడండి. అసలు లాగినే కాలేకపోతే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి అక్షరాల తెర మీద లాగిన్ అయి ఆ ఫైల్ పేరు మార్చండి. నా అర్ధరాత్రి గంట అలాగే తీరింది.

ఐదో అడుగు: ఫైల్ తెరిచే డైలాగ్

డీకాన్ఫ్ ఎడిటర్ అనే సెట్టింగులు మార్చే ప్రోగ్రాంలో స్లాష్ ఆర్గ్, జీటీకే, సెట్టింగ్స్, ఫైల్-చూజర్ వరకు వెళ్లండి. లొకేషన్-మోడ్‌ను ఫైల్‌నేమ్-ఎంట్రీ చేస్తే పైన దారి టైప్ చేసే గడి ఎప్పుడూ ఉంటుంది. స్టార్టప్-మోడ్‌ను సీడబ్ల్యూడీ చేస్తే ఈ మధ్య వాడిన ఫైళ్ల జాబితాకు బదులు ఫోల్డరే తెరుచుకుంటుంది. సార్ట్-డైరెక్టరీస్-ఫస్ట్ ఆన్ చేస్తే ఫోల్డర్లు ముందు వస్తాయి. ఏమీ మార్చకపోయినా డైలాగ్‌లో కంట్రోల్, ఎల్ నొక్కితే గడి వస్తుంది.

అక్షరం కొడితే ఆ ఫైల్ దగ్గరకు వెళ్లే పాత తీరుకు మాత్రం స్విచ్ లేదు, మాడ్యూలూ లేదు. దానికి ప్యాచే దారి. జీటీకే3-క్లాసిక్ అనే ప్యాచ్‌ల మూట ఉంది, ఒకప్పుడు దీన్నే జీటీకే3-మష్రూమ్స్ అనేవారు. ఆర్చ్ లినక్స్ వాడేవాళ్లు ఏయూఆర్ (వాడేవాళ్లే నడిపే ప్యాకేజీల గోదాం) నుంచి కట్టుకుంటారు. డెబియన్ మీద చేత్తో కంపైల్ చేసి పెడితే ప్రతి జీటీకే అప్‌డేట్‌కూ మళ్లీ కంపైల్ చేయాలి. ఒక డైలాగ్ కోసం అంత పని నేనైతే పెట్టుకోను.

ఇంతకంటే తేలిక దారి

నిజానికి బాబాయి సమస్య వీటిలో దేనితోనూ తీరలేదు. నోసీఎస్‌డీ వేశాక టైటిల్ బార్ వచ్చింది, ఫైల్ మెనూ రాలేదు. చివరికి ఎవిన్స్ తీసేసి అట్రిల్ వేశాను. అట్రిల్ ఎవిన్స్ నుంచే చీలింది, మాటే అనే డెస్క్‌టాప్ తయారుచేసేవాళ్లది. మెనూ బార్ ఉంది, ప్రింట్ ఎక్కడుండాలో అక్కడే ఉంది. ఇలాగే జీఎడిట్‌కు బదులు ప్లూమా గానీ మింట్ వాళ్ల ఎక్స్‌ఎడ్ గానీ, ఫైల్ రోలర్‌కు బదులు ఎన్‌గ్రాంపా. ఇవన్నీ జీటీకే3 మీదే నడుస్తాయి, కాబట్టి రెండో అడుగులో వేసిన స్విచ్‌లన్నీ వీటిలో పనిచేస్తాయి.

ఇక జీటీకే4. 2020 డిసెంబరులో వచ్చిన ఈ వెర్షన్‌లో జీటీకే మాడ్యూల్స్ వేరియబుల్‌ను తీసేశారు. పైన చెప్పిన నోసీఎస్‌డీ పేరులోనే 3 ఉంది, దీన్ని ముట్టుకోదు. మిగిలేవి రెండు. సెట్టింగ్స్ ఎడిటర్‌లో జీటీకే కింద డెకరేషన్‌లేఅవుట్ విలువను మెనూ, కోలన్, మినిమైజ్, కామా, మ్యాగ్జిమైజ్, కామా, క్లోజ్ అని పెడితే హెడర్ బార్‌లోనైనా మూడు బటన్లూ వస్తాయి. ఫైల్ డైలాగ్ కోసం డీకాన్ఫ్ ఎడిటర్‌లో ఆర్గ్, జీటీకే, జీటీకే4, సెట్టింగ్స్, ఫైల్-చూజర్ అని జీటీకే4కు వేరే గది ఉంది, అందులో ఐదో అడుగులోని మార్పులు మళ్లీ చేసుకోవాలి. ఈ టూల్‌కిట్ ఏ జింప్ కోసం పుట్టిందో ఆ జింప్ 2025 మార్చిలో 3.0తో గానీ జీటీకే3కి చేరలేదు, అప్పటికి జీటీకే4 వచ్చి నాలుగేళ్లు దాటింది. జింప్‌లో ఫైల్ మెనూ ఇప్పటికీ ఎడమ మూలనే ఉంది.